ఇంటి సామాను: ఆటల మానిటరు - ఖరీదుదా, చవకదా?

ఈ వారం శీర్షిక కణేకల్ సోదరి ఒకరు రాసిన ఉత్తరం మీద. వాళ్లకు హెచ్చెల్సీ కాలువ కింద కాస్త మడి, మెట్టన శనక్కాయ చేను. కొడుకు ఇంజనీరింగు, కూతురు ఇంటర్మీడియెట్.

"మావాడు కంప్యూటర్లో ఆటలాడుకునేదానికి యాభై ఐదు వేల మానిటరు కావాలంటాడక్కా. పదకొండు వేలదీ ఉందంట. అది వద్దు, రెండేండ్లకే పాతబడిపోతాది అంటాడు. నా దగ్గరుండేది చీటీ డబ్బు అరవై వేలు. అందులోనే పాప హాస్టలు ఫీజు కట్టాల, విత్తనకాయ కొనాల. ఏం చేయమంటారు?"

చెల్లెమ్మా, నేనైతే పదకొండు వేలదే కొనమంటాను. ఎందుకో చెబుతాను, మీ అబ్బాయికీ చదివి వినిపించండి.

మామూలు మానిటరు సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. దాన్నే 60 హెర్ట్జ్ అంటారు. ఆటలకని అమ్మేవి చవకరకంలో కూడా ఇప్పుడు 144, 165, 180 దాకా ఉన్నాయి. ఖరీదువి 240, అంతకు పైన. వినడానికి బాగానే ఉంది గదా? లెక్క వేసి చూడండి. 60 దగ్గర ఒక్కో బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 దగ్గర 6.9, 240 దగ్గర 4.2. అంటే మొదటి మెట్టు ఎక్కితే దాదాపు పది మిల్లీసెకన్లు కలిసొస్తాయి, ఆ తేడా మన కంటికి కూడా తెలుస్తుంది. రెండో మెట్టుకు కలిసొచ్చేది మూడు కూడా కాదు. పోటీలకు వెళ్లి ఆడేవాళ్లకు అదీ ముఖ్యమే అనుకోండి.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు ఏది? బోరులో చిన్న మోటారు దించి పైన నాలుగంగుళాల పైపు బిగిస్తే నీళ్లు ఎక్కువొస్తాయా? మానిటరు పైపు అయితే గ్రాఫిక్స్ కార్డు మోటారు. మామూలు ఫుల్ హెచ్.డి. తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. ఫోర్ కె తెరలో దానికి నాలుగింతలు, దాదాపు 83 లక్షలు. అన్ని చుక్కల్నీ సెకనుకు వందకు పైగా సార్లు నింపాలంటే కార్డుకే మానిటరు కంటే ఎక్కువ డబ్బు పోయాలి. ఈసారి మానిటరు, వచ్చే ఏడు కార్డు అని అడుగుతాడు, చూస్తూ ఉండండి! మంచి కార్డు ఇప్పటికే ఉండి, వీడియో ఎడిటింగు లాంటి పనితో నాలుగు రూకలు సంపాదిస్తున్న పిల్లవాడైతే సంగతి వేరు. అప్పుడు ఖరీదుది పనిముట్టు కిందికి వస్తుంది.

ఆ యాభై వేల పైచిలుకు రకాల్లో ఓలెడ్ తెరలుంటాయి. నలుపు నిజంగా కాటుకలా కనిపిస్తుంది, కాదనను. కానీ ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే దాని నీడ తెర మీద శాశ్వతంగా నిలిచిపోయే ప్రమాదం ఉంది. గ్యారంటీలో అది చేరిందో లేదో చదవకుండా అంత డబ్బు పెట్టకూడదు.

చవకది అంటే ఏదో ఒకటి అని కాదు సుమా. 24 అంగుళాలు, ఐ.పి.ఎస్. తెర, 144 హెర్ట్జ్‌కు తగ్గకుండా చూసుకోండి. ఐ.పి.ఎస్. అయితే పక్క నుంచి చూసినా రంగులు మారవు. పెట్టె మీద "1 ఎం.ఎస్." అని పెద్దక్షరాలతో ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. కంపెనీలు దాన్ని ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో కొలుస్తారు. "హెచ్.డి.ఆర్." ముద్ర కూడా ఈ ధరలో పేరుకే. వెనకాల బి.ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి సరిచూడవచ్చు. సర్వీసు సెంటరు అనంతపురంలో ఉందా, బళ్లారిలో ఉందా, బెంగళూరుకు మోయాలా అని కొనకముందే అడగండి. అట్టపెట్టె పారేయకండి.

జీఎస్టీ తగ్గింది కాబట్టి ఈ ధర అని ఎవరైనా అంటే ఒక మాట గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది 32 అంగుళాలు దాటిన మానిటర్లకు. అంతకు చిన్నవాటికి ముందు నుంచీ 18 శాతమే.

ఇంకొక సంగతి. ఉత్తరంలో పాప ప్రస్తావన ఫీజు దగ్గరే ఆగిపోయింది. పాఠాల వీడియోలు ఆ అమ్మాయి ఫోను తెరలోనే చూస్తున్నట్టుంది. కొన్న మానిటరు హాల్లో పెట్టించండి, సెలవులకొచ్చినప్పుడు పగలు పాప చదువుకు, రాత్రి అబ్బాయి ఆటకు. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడమనండి, ఇద్దరికీ కళ్లు అలసిపోకుండా ఉంటాయి. హాల్లో ఉంటే వాడు ఏం ఆడుతున్నాడో మీకూ తెలుస్తుంది. డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఆ వైపు పోనివ్వకండి.

తెచ్చాక కంప్యూటరు సెట్టింగుల్లో 144 అని మార్చమనండి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది, కొన్నదానికి ఫలితం దక్కదు. పాత కేబుల్ కాకుండా పెట్టెలో ఇచ్చినదే తగిలించాలి.

హగరి ఇసుక ఎగిరే గాలికాలంలో మీ ఊళ్లో తెర మీద దుమ్ము పేరుకోక తప్పదు. పొడిగా గట్టిగా రుద్దితే ఇసుక రేణువులే గీతలు పెడతాయి. ఆపేసి, ముందు మెత్తని బ్రష్షుతో దులిపి, తర్వాత కళ్లజోడు తుడిచే గుడ్డను కాస్త తడి చేసి తుడవండి. అద్దాలు తుడిచే మందు వద్దు, తెర పైపూత పోతుంది.

ఇక కరెంటు. వెనక చీటీ మీద 100-240 వోల్టులు అని ఉంటే మునుపు టీవీకి కొన్నట్టు స్టెబిలైజరు అక్కర్లేదు. మంచి స్పైక్ గార్డు, సరైన ఎర్తింగు చాలు. అయితే నేల ఎండిపోయిన చోట ఎర్తింగు సరిగా పనిచేయదు. ఎండాకాలంలో ఆ గుంతలో వారానికొకసారి బకెట్టు నీళ్లు పోయండి. బట్టలు జాడించిన నీళ్లయినా ఫరవాలేదు.