సంతకం నాది

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి మొదలయ్యారు చుట్టాలూ పక్కిళ్ళవాళ్ళూ. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు. హాల్లో మంచం మీద నేను, చుట్టూ కుర్చీల్లో వాళ్ళు. కుట్లెన్ని పడ్డాయి, ఖర్చెంతయింది అని ఓ పది నిమిషాలు అడుగుతారు. ఈలోగా మా ఆయన వంటింట్లోంచి టీ గ్లాసులు పట్టుకొస్తారు. అంతే, నా కడుపు సంగతి అందరూ మర్చిపోతారు. "అదృష్టవంతురాలివే తల్లీ, దేవుడిలాంటి మొగుడు దొరికాడు!"

కాదనను. జులై నెలంటే ఎరువుల కొట్టుకి పండగ సీజను. ఆ నెలలో ఇరవై రోజులు ఆయన కొట్టు మొహం సరిగ్గా చూడలేదు. నన్ను పట్టుకుని బాత్రూంకి నడిపించారు. వంగలేకపోతే ప్యాడ్ మార్చుకోడానికి సాయం చేశారు. పాపకి జడలు వేశారు, ఒకటి చెవి పక్కన, ఇంకోటి మెడ మీద. వరసగా ఐదు రోజులు బీరకాయ పప్పే వండారు, అయినా తిన్నాం.

కానీ మూడేళ్ళ కిందట పెనుబల్లి దగ్గర బండి జారి ఆయన కాలు విరిగినప్పుడు ఆరు వారాలు నేను బెడ్‌పాన్ పెట్టాను. కొట్టు లెక్కలు కూడా రాశాను. అప్పుడూ ఇదే హాలు, ఇవే కుర్చీలు, ఇంచుమించు ఈ మనుషులే. "దేవతలాంటి పెళ్ళాం దొరికింది, అదృష్టవంతుడివిరా" అని ఆయనతో ఒక్కరూ అనలేదు. పెళ్ళామన్నాక చేయదా అన్నారు. నాకు కోపమేం లేదు. సరే, కాస్త ఉంది.

అసలు ఆయన నాకు చేసిన సాయం టీ గ్లాసుల్లో లేదు. అది చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి.

ఇంటర్ నుంచే నెలకి రెండు రోజులు నేను మంచం దిగేదాన్ని కాదు. మెఫ్తాల్ వేసుకుని మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేదాన్ని. పెళ్ళయితే తగ్గుతుందన్నారు. పెళ్ళయింది. కాన్పయితే తగ్గుతుందన్నారు. పాప పుట్టాక రెండేళ్ళు నిజంగానే తగ్గింది, తర్వాత వడ్డీతో సహా తిరిగొచ్చింది. ముట్టు రోజుల్లో దొడ్డికి వెళ్ళాలంటే ఏడుపొచ్చేది. నడుములోంచి తొడల్లోకి లాగేది.

ఇంకో మాట రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. చదివేది మీరే కదా, రాసేస్తున్నా. ఆయన దగ్గరికొస్తే లోపల కత్తి పెట్టి తిప్పినట్టుండేది. చెప్పలేక తలనొప్పి అనేదాన్ని, పాప లేస్తుంది అనేదాన్ని. ఏళ్ళు గడిచాక ఒక రాత్రి ఆయనే అడిగారు, "నేనంటే ఇష్టం లేదా?" అని. అప్పుడు చెప్పాను, ఏడుస్తూ. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పొచ్చు కదా" అన్నారు. నెలనెలా నొప్పి అంటే "మా అమ్మకీ ఉండేది, అందరికీ ఉండేదేగా" అన్నది కూడా ఈయనే మరి! దేవుడిలా ఏం మొదలవలేదు.

ఆ మర్నాడు డాక్టర్ దగ్గరికి బయల్దేరాం. మొదటి స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. గ్యాస్ అన్నారొకరు, టెన్షన్ అన్నారొకరు. ఏడాది తర్వాత ఇంకో స్కానింగ్‌లో ఎడమ అండాశయం మీద చాక్లెట్ సిస్ట్ కనిపించింది. పేరు తియ్యగా ఉంది కదా. లోపల నిలవ ఉండిపోయిన పాత రక్తం కరిగించిన చాక్లెట్ రంగులో ఉంటుందని ఆ పేరట.

జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట, అండాశయాల మీద, గర్భసంచి వెనక, పేగు మీద పెరుగుతుంది. నెలనెలా అక్కడ కూడా వాచి రక్తం కారుతుంది. బయటికి దారి ఉండదు కాబట్టి లోపలే గడ్డకట్టి, అవయవాలని ఒకదానికొకటి అతికించేస్తుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి పదిమందికి, ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బయటపడటానికి ఏళ్ళు పట్టడం మామూలేనట. మామూలు స్కానింగ్‌లో కనపడకపోవచ్చు కూడా. స్కానింగ్ నార్మల్ అని రాగానే నీ నొప్పి అబద్ధమని అర్థం కాదన్నమాట. ఈ ఒక్క ముక్క ఇరవై ఏళ్ళప్పుడు నాకెవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది!

సిస్ట్ కనిపించగానే ఒక డాక్టరు అన్న మాట, "ఒక పాప ఉంది కదమ్మా, గర్భసంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది." నాకప్పుడు 36. మా అత్తయ్య కూడా అదే మాట. "నాకు ముప్పై రెండేళ్ళకే తీసేశారు, పీడా పోయింది. నువ్వూ తీయించేసుకో."

మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందో చూడండి. కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మంది, ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది. మా సత్తుపల్లి ఆ రెండు రాష్ట్రాల సరిహద్దు మీదుంది. మా వీధిలో వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఒక చెయ్యి చాలలేదు. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం చేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందంటే ఆలోచించండి.

గర్భసంచి తీయడమే తప్పని నేననడం లేదు. తీయకతప్పనివాళ్ళు ఉంటారు, తీయించుకుని సుఖపడ్డవాళ్ళూ ఉన్నారు. కానీ నా జబ్బు గర్భసంచి బయట ఉంది. సంచి తీసేసి పేగు మీద మచ్చల్ని వదిలేస్తే నొప్పి ఉండిపోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఆరేళ్ళకే ముట్లుడిగిపోతాయి, ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం. ఇవన్నీ హైదరాబాద్‌లో మేం కలిసిన మరో డాక్టరు బొమ్మ గీసి చెప్పారు. అక్కడే మా ఆయన సాయమేంటో నాకు అర్థమైంది. ఆయన చిన్న నోటుబుక్కు తీసుకొచ్చారు, యూరియా బస్తాల లెక్క రాసేది. ముందురోజు రాత్రి ఇద్దరం కూర్చుని అందులో నా ప్రశ్నలు రాసుకున్నాం. నేను మధ్యలో మొహమాటపడి ఆగిపోతే ఆయన నా తరఫున అడగలేదు. పుస్తకం నా వైపు జరిపారు.

మా అత్తయ్యకి ఈ సంగతులన్నీ ఫోన్లో చెప్పాను. వింది. "నాకు ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా, మీ మావయ్య వేలుముద్ర వేశాడు, తీసేశారు" అంది. ఆవిడకి నలభై దాటినప్పటి నుంచీ మోకాళ్ళు, నడుము. రెండింటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. అయినా ఇప్పటికీ తీయించేసుకోవాల్సింది అనే అంటుంది, మాట మీద నిలబడే మనిషి.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం నర్సమ్మ ఫైలు తెచ్చి, మంచం మీద కూర్చున్న నన్ను దాటి, ఆయన చేతికిచ్చింది. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టండి సార్." ఆయన జేబులోంచి పెన్ను తీశారు కూడా. ఇటివ్వండి, చదువుతాను అన్నాను. ఆ కాగితంలో అవసరమైతే గర్భసంచి, అండాశయాలు తీయడానికి సమ్మతి అని ఒక వాక్యం ఉంది. ఆపరేషనేమో సిస్ట్ తీయడానికి, అతుకులు విడదీయడానికి.

సమీరా కోహ్లీ కేసని ఒకటుంది, చట్టం చదివేవాళ్ళందరికీ తెలిసిందే. ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత 1995లో రక్తస్రావం ఆగడం లేదని వెళితే ల్యాపరోస్కోపీతో పరీక్ష చేద్దామన్నారు. ఆమె మత్తులో ఉండగా ఎండోమెట్రియోసిస్ కనపడింది. బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. లేచాక చెప్పారు. 2008లో సుప్రీంకోర్టు ఏమందంటే, పెద్ద వయసులో, తెలివిలో ఉన్న మనిషి సమ్మతి ఆ మనిషే ఇవ్వాలి, మత్తు దిగేదాకా ఆగగలిగినప్పుడు తల్లి సంతకం చెల్లదు. ప్రాణం మీదికొస్తే సంగతి వేరు. పరిహారం మాత్రం 25,000 రూపాయలు, ఆ బాధ వేరే. అబార్షన్‌కి కూడా పెద్దవయసు ఆడమనిషికి మొగుడి సంతకం అక్కర్లేదని మన చట్టంలో ఎప్పట్నుంచో ఉంది. అయినా ఫైలు సార్ చేతికే వెళుతుంది.

ఆ వాక్యం కొట్టేయించి, ప్రాణాపాయం లేకపోతే నన్ను అడక్కుండా గర్భసంచిగానీ అండాశయంగానీ తీయకూడదని డాక్టరుతో మాట్లాడి రాయించాను. సంతకం నేను పెట్టాను. ఆయన సాక్షిగా కింద పెట్టారు.

ఆ రాత్రి లైటు తీశాక అడిగాను. "అది కొట్టేయకపోతే, రేపు మధ్యలో బయటికొచ్చి తీసేయాలి సార్ అని అడిగుంటే ఏమనేవారు?"

"తీసేయండి అనేవాణ్ణి."

"నాకిష్టం లేదని తెలిసి కూడానా?"

"నువ్వు లోపల ఉంటావు. ఆ డాక్టరు మాస్కు తీసి నా మొహంలోకి చూసి అడిగితే నేను వద్దనగలనా? నాకు భయమేయదా?"

ఈయన్నే కదా అందరూ దేవుడంటున్నారు. నా నొప్పి నమ్మిన మనిషి, నోటుబుక్కు పట్టుకుని నాతో తిరిగిన మనిషి, ఆ ఒక్క క్షణంలో నా శరీరం గురించి నాకిష్టం లేని నిర్ణయం తీసుకునేవారు. అదీ ప్రేమతోనే. అందుకే మంచి మొగుడున్న ఆడవాళ్ళకి నేను చెప్పేది ఇదే: ఈ మాట ఆపరేషన్ థియేటర్ బయట తేలే మాట కాదు. ఇంట్లో, అన్నాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఏది తీయొచ్చు ఏది తీయకూడదు అని విడమర్చి మాట్లాడుకోవాలి. లేకపోతే మంచితనమంతా భయం ముందు చేతులెత్తేస్తుంది. నిజం ఒప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. సిస్ట్ తీశారు, గర్భసంచికీ పేగుకీ మధ్య అతుకు విడదీశారు, కనపడిన మచ్చలన్నీ కోసేశారు. అండాశయం ఉంది, సంచి ఉంది. మర్నాడు కడుపు కంటే కుడి భుజం ఎక్కువ నొప్పెట్టింది. ఆయన కంగారుపడి గుండె డాక్టర్ని పిలవమన్నారు. ఆపరేషన్‌కి కడుపులోకి పంపిన గ్యాసు తాలూకు నొప్పి భుజంలో తెలుస్తుందని, రెండు మూడు రోజుల్లో పోతుందని నర్సమ్మ నవ్వింది. వచ్చేటప్పుడు కారులో దిండు కడుపుకి అదుముకుని కూర్చున్నాను. వైరా, తల్లాడ, కల్లూరు, ఒక్కో స్పీడ్ బ్రేకర్ నాకిప్పటికీ గుర్తే.

పక్క మంచం మీద ఇల్లెందు వైపు నుంచొచ్చిన ఒకావిడ ఉండేది. ఆవిడకి తోడు వాళ్ళమ్మే. ఆపరేషనంటే పుట్టింటివాళ్ళు చూసుకోవాలట, ఆయన డిశ్చార్జి రోజు వస్తాడట. మా ఆయన నాకు జావ తాగిస్తుంటే ఆవిడ అటు తిరిగి పడుకునేది. అది తలుచుకుంటే నా ఫిర్యాదులు నాకే చిన్నవిగా అనిపిస్తాయి. మళ్ళీ హాల్లో ఎవరో "దేవుడు" అనగానే పెద్దవైపోతాయి.

జబ్బు పూర్తిగా పోలేదు, మళ్ళీ రావచ్చని ముందే చెప్పారు. రోజూ రాత్రి డైనోజెస్ట్ మాత్ర, ఆరు నెలలకో స్కానింగ్. మాత్రల వల్ల అప్పుడప్పుడూ మనసు బాగోదు, ఊరికే చిరాకు. దొడ్డికి ఏడవకుండా వెళుతున్నాను, ఇది ఎంత పెద్ద సుఖమో మీలో కొందరికే తెలుస్తుంది. రెండో సంగతిలో ఇంకా భయం పోలేదు. ఆయన తొందరపెట్టడం లేదు.

తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువట. పాప మొన్న సంక్రాంతికి పెద్దమనిషైంది. పోయిన నెల కడుపు పట్టుకుని బడి నుంచి మధ్యలో వచ్చేసింది. మా అత్తయ్య "ఓర్చుకోవాలి బంగారం, ఆడపిల్లవి" అంటోంది. కొట్టు నుంచి అన్నానికొచ్చిన ఆయన చెప్పులు విప్పుతూ, "ఓర్చుకోవడం తర్వాత, ముందు ఎక్కడ నొప్పో చెప్పు నాన్నా" అన్నారు. పాప సిగ్గుపడి నా వెనక దాక్కుంది. సాయంత్రం తనే వచ్చి నాకు చెప్పింది. యూరియా నోటుబుక్కులో వెనకవైపు నుంచి కొత్త పేజీ తీసి, తేదీ వేసి ఇచ్చాను. రాసుకుంటోంది.