రోబో పెట్స్: ఒళ్లో బొమ్మ పిల్లి.. డిమెన్షియా పెద్దలకు తోడా? మభ్యపెట్టడమా?

ఒళ్లో తెల్లటి సీల్ పిల్ల. నిమిరితే కళ్లు మూస్తుంది. పిలిస్తే తల తిప్పుతుంది. కానీ అది జంతువు కాదు, యంత్రం. పేరు పారో. జపాన్ వృద్ధాశ్రమాల్లో దాదాపు ఇరవై ఏళ్లుగా ఉన్న ఇలాంటి రోబో పెట్స్ ఇప్పుడు చాలా దేశాల్లో డిమెన్షియా రోగుల చేతుల్లోకి వచ్చాయి. మరి ఇవి నిజంగా పనిచేస్తున్నాయా? లేక పెద్దవాళ్లను బొమ్మతో ఏమారుస్తున్నామా?

సీలే ఎందుకు?

పారోను రూపొందించింది జపాన్ శాస్త్రవేత్త తకనోరి షిబాతా. కుక్కనో పిల్లినో చేస్తే జనం నిజమైనదానితో పోల్చి పెదవి విరుస్తారు. సీల్‌ను ఇంట్లో పెంచినవాళ్లు ఉండరు కాబట్టి ఆ చిక్కు లేదు. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని వైద్య పరికరాల కోవలో చేర్చింది. ధర మాత్రం దాదాపు 6 వేల డాలర్లు! 2015లో హాస్‌బ్రో కంపెనీ 'జాయ్ ఫర్ ఆల్' పేరుతో తక్కువ ధరలో పిల్లి బొమ్మలు తెచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం 2018 నుంచి ఒంటరి వృద్ధులకు ఇలాంటివి పంచుతోంది.

అవసరం ఎక్కడొచ్చింది?

డిమెన్షియా అంటే ఉత్త మతిమరుపు కాదు. పొద్దువాలితే కంగారు, అకారణంగా కోపం, సొంతింట్లోనే ఉండి "మా ఇంటికి పోతా" అని గుమ్మం వైపు పరుగు. దీనికి వాడే కొన్ని మానసిక వ్యాధుల మందులతో వృద్ధ డిమెన్షియా రోగుల్లో మరణ ముప్పు పెరుగుతుందని ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అందుకే మందు లేకుండా శాంతపరిచే దారుల కోసం వెతుకులాట.

పరీక్షలో తేలిందేంటి?

ఆస్ట్రేలియాలో 28 వృద్ధాశ్రమాల్లోని 415 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. కొందరికి పారో, కొందరికి స్విచాఫ్ చేసిన అదే బొమ్మ ఇచ్చారు. మిగతావాళ్లకు మామూలు సంరక్షణే. మామూలు సంరక్షణతో పోలిస్తే పారోతో మూడ్ బాగుపడింది, ఆందోళన కొంత తగ్గింది. అయితే అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. స్విచాఫ్ బొమ్మ కంటే పారో స్పష్టంగా మెరుగనిపించింది ఒక్క విషయంలోనే. రోగులు దానితో ఎక్కువ మాట్లాడారు, దాన్ని ఎక్కువ చూశారు. అంటే ఖరీదైన సెన్సర్లది ఒక వంతైతే, మెత్తగా ఒళ్లో ఒకటి ఉండటమనేది ఇంకో వంతు అనుకోవాలి.

అభ్యంతరం కూడా గట్టిదే. అర్థం చేసుకోలేని యంత్రానికి మనిషి మనసు విప్పడం ఎంతవరకు సబబని ఎంఐటీ ప్రొఫెసర్ షెర్రీ టర్కిల్ ఏళ్లుగా ప్రశ్నిస్తున్నారు. 'నన్ను చిన్నపిల్లను చేస్తారా' అని బొమ్మను పక్కన పడేసే పెద్దలకూ ఆ హక్కుంది. వద్దన్నవాళ్లకు బలవంతంగా ఇవ్వకూడదు. "ఇది నిజందేనా?" అని అడిగితే అబద్ధం చెప్పకూడదు.

మన ఇళ్లలో ఎలా?

భారత్‌లో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. వీళ్లలో ఎక్కువ మందిని చూసుకునేది ఇంట్లోవాళ్లే. పిల్లలు అమెరికాలో, అమ్మానాన్న ఇక్కడ ఉన్న తెలుగు కుటుంబాలకు ఇలాంటి బొమ్మ కొని పంపడం పెద్ద కష్టమేం కాదు. కానీ అసలు ప్రశ్న బొమ్మ గురించి కాదు, అది మిగిల్చే సమయం గురించి. అమ్మ పిల్లిని నిమురుతూ కుదురుగా కూర్చున్న ఆ అరగంటలో కోడలు కాస్త నడుం వాల్చితే మేలే. ఆ పిల్లి గురించే అమ్మతో నాలుగు మాటలు మాట్లాడితే ఇంకా మేలు. 'బొమ్మ ఉందిగా' అని రోజూ చేసే వీడియో కాల్ వారానికోసారికి పడిపోతే మాత్రం.. అమ్మకు తోడు దొరికినట్టు కాదు, ఉన్న తోడు పోయినట్టు.