గృహ నిర్వహణము – నెల సరకుల పద్దు

నెల మొదట నెంతో జాగ్రత్తగా వ్రాసికొన్న సరకుల పద్దు ఇరువదవ తేదీ నాటికి తలక్రిందులగుట మనలో ననేకుల యనుభవము. అప్పుడు మనము చేయు పని యొక్కటే. పప్పులో నీళ్లు పెంచుదుము, కూర మానుదుము, అందరును భుజించిన పిమ్మట మిగిలిన పచ్చడితోనో మజ్జిగతోనో సరిపెట్టుకొందుము. ఎట్లో నెల గడచినదని, పద్దు నిలిచినదని సంతోషింతుము. నిజమునకు పద్దు నిలువలేదు. ఇల్లాలి విస్తరి చిన్నదైనది. ఇట్టి పొదుపు పొదుపు కాదని చెప్పుటకే యీ నెల యీ విషయమును చేపట్టితిమి.

పద్దులను గూర్చి సాధారణముగా చెప్పు నియమములు నెల జీతము వచ్చు ఇండ్లకు కుదురునవి. సేద్యము చేయు ఇంటి కష్టము వేరు. వనపర్తి జిల్లాలోని గోపాల్‌పేటనే తీసికొందము. నిజాము రాజ్యమున నొక చిన్న సంస్థానముగా నుండిన యీ యూరు, 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలో నేడొక మండల కేంద్రము. ఆ ప్రాంతమున వరియు, పల్లికాయయు ముఖ్యమైన పంటలు. వానకాలపు వరి కార్తీకమున కోతకు వచ్చును. పల్లికాయ పుష్య మాఘములలో ఇంటికి చేరును. యాసంగి వరి చైత్ర వైశాఖములలో చేతికి వచ్చును. అనగా డబ్బు వచ్చునది ఏటికి రెండు మూడు మారులు. ఉప్పు, పప్పు, నూనె కావలసినది పండ్రెండు నెలలు. వైశాఖము దాటిన తరువాత మరల కార్తీకము వరకు పంట డబ్బు కనబడదు. విత్తనములు, ఎరువులు, పిల్లల బడి ఖర్చులు, బోనములు, బతుకమ్మ, దసరా అన్నియు ఆ యారు నెలలలోనే మీద పడును. శ్రావణ భాద్రపదములలో దుకాణపు ఉద్దెర పుస్తకము బరువెక్కుటకు ఇల్లాలి దుబారా కారణము కాదు. రాబడికిని ఖర్చుకును కాలము కుదరకపోవుటయే కారణము.

కావున మొదటి పని రాబడిని నెలలుగా భాగించుట. వైశాఖమున వడ్లమ్మిన డబ్బులో అప్పులు తీర్చి, రాబోవు పంట పెట్టుబడి తీసివేసిన పిమ్మట ఇంటి ఖర్చునకు 36,000 రూపాయలు మిగిలినవనుకొందము. కార్తీకము వరకు ఆరు నెలలు, నెలకు 6,000. మొదటి నెల చేతినిండుగ నున్నదని 10,000 వాడినచో తక్కిన యైదు నెలలకును నెలకు 5,200 మాత్రమే దక్కును. లెక్క తేలికయే, చేతిలో డబ్బుండగా దానిని పాటించుటయే కష్టము. అందుచేత ఆ మొత్తమును బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచి, నెలకొక్కమారు ఒకే తేదీన, ఆ నెల భాగము మాత్రమే తెచ్చుకొనవలెను. 2023–24లో భారత ప్రభుత్వము జరిపించిన గృహ వినియోగ వ్యయపు సర్వేలో, మన దేశపు పల్లెలలో నూరు రూపాయల ఖర్చునకు 47 రూపాయలు ఆహారమునకే పోవుచున్నట్లు తేలినది. సగమునకు దాపైన యీ ఖర్చును ఏర్పాటు లేక నడపరాదు.

రెండవ పని పద్దును రూపాయలతో గాక తూకముతో మొదలుపెట్టుట. మేమును మొదట రూపాయలతోనే వ్రాసెడివారము. ధర పెరిగిన నెల పప్పు తగ్గెడిది. తగ్గినదన్న సంగతి పద్దులో కనబడెడిది కాదు. తూకము వ్రాసిన నాటినుండి లోపము కంటబడుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఎక్కువ కాయకష్టము లేని పెద్దవారికి దినమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పల్లీలు, నువ్వులు మొదలగునవి 35 గ్రాములు, నూనెయు నెయ్యియు కలిపి 27 గ్రాములు, కూరలు ఆకుకూరలు కలిసి 400 గ్రాములు కావలెను. ఉప్పు 5 గ్రాములు మించరాదు. నలుగురున్న యింటికి ముప్పది దినములకు లెక్కవేయగా ధాన్యములు 30 కిలోలు, పప్పులు 10 కిలోల 200 గ్రాములు, పల్లీలు నువ్వులు 4 కిలోల 200 గ్రాములు, నూనె నెయ్యి 3 కిలోల 240 గ్రాములు, ఉప్పు 600 గ్రాములు అగును. పసిపిల్లలకు ఇంతకు తక్కువయు, పొలము పని చేయువారికి ఇంతకు హెచ్చును కావలసియుండును.

ఇప్పుడు మీ పద్దును దీని ప్రక్కన నుంచి చూడుడు. అనేక గృహములలో బియ్యము దీనికి మించియు, పప్పు దీనిలో సగమునకు లోపుగను ఉండును. తెలంగాణమున రేషను కార్డుగల యింటికి మనిషికి 6 కిలోల చొప్పున బియ్యము లభించుచున్నది; 2025 ఏప్రిల్ నుండి సన్న బియ్యమే ఇచ్చుచున్నారు. నలుగురికి 24 కిలోలు. మన లెక్కలో మిగిలినది 6 కిలోలు. దానికి జొన్నలో తైదలో తెచ్చుకొన్నచో రాత్రివేళ రొట్టెకు సరిపోవును. బియ్యము మీద మిగిలిన డబ్బును వేరు ఖర్చులకు పోనీయక పప్పునకే మరలింపవలెను. పది కిలోలు ఒక్కమారుగా సాధ్యము కానియెడల ఉన్నదానికి నెలకొక కిలో చేర్చుడు. కందిపప్పు ప్రియమైన నెల పెసలు, ఉలవలు, అలసందలు, శనగలు చూచుకొనుడు. గుడ్లు, చేపలు, మాంసము తినువారికి అవి కొంత పప్పునకు బదులుగా నుండును.

పల్లికాయ పండించు ఇండ్లవారికి ఒక్క మాట. పంటనంతను మార్కెటుకు తోలి, నెల తిరుగకముందే దుకాణమున పల్లీలు కొనుట మనము చూచుచున్నదే. ఇంటికి ఏటికి కావలసినది యాబది కిలోల పప్పు. అంత కాకున్నను సగమునకైనను సరిపడు కాయ బాగుగ ఎండబెట్టి, తేమ తగులనిచోట నిలువయుంచుడు. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకొన్నవి ఏరి పారవేయవలెను. అట్టివానిలో విషముండవచ్చును గనుక చవుక యని వాడరాదు.

మూడవ పని నెలను వారములుగా విడదీయుట. నూనె డబ్బా నిండుగ నున్నప్పుడు చేయి ధారాళమగుట మానవ స్వభావము. వారమునకు 800 మిల్లీలీటర్లకు మించని సీసానొకదానిని ఏర్పరచి, ఆదివారమునాడు నింపి, పెద్ద డబ్బాను అటకమీద పెట్టుడు. శుక్రవారమునాటికి సీసా యొట్టిదైనచో శనివారము వేపుడు లేదు, పచ్చిపులుసే. నెలాఖరున పడు కష్టము వారమున కొక్క దినమునకు తగ్గును.

చిల్లర పొట్లముల మాట మరువరాదు. పది రూపాయలే కదా యని పిల్లవానిని దుకాణమునకు పంపుదుము. పది రూపాయల పొట్లములో 40 గ్రాములున్నచో కిలో ధర 250 రూపాయలు పడినట్లు. వెల పెంచక తూకము తగ్గించు పద్ధతియు కలదు. కావున పొట్లము మీది వెలను మాత్రమే గాక తూకమును, కిలోకో గ్రాముకో పడు ధరను చదువుట నేర్వవలెను. చదువు నేర్చిన ఆడుబిడ్డ ఇంటనున్నచో ఈ లెక్క ఆమెకు అప్పగింపుడు. గణితమును అబ్బును, పద్దును నిలుచును.

ఇక ఉద్దెర. కష్టకాలమున సరకిచ్చు దుకాణదారుని మేలు మనము మరువరాదు. కాని ఉద్దెరకు కొన్నప్పుడు ధర యడుగుటకు నోరు రాదు, తూకము చూచుటకు మొగము చెల్లదు. అందుచేత రెండు కట్టుబాట్లు చేసికొందము. ఉద్దెరకు బియ్యము, పప్పు, నూనె, ఉప్పు తప్ప మరేమియు తేరాదు. దుకాణపు పుస్తకములో వ్రాసిన దినమే మన పుస్తకములోను సరకు, తూకము, ధర మూడును వ్రాయవలెను. పంట వచ్చిన నాడు రెండు పుస్తకములును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్నచో ఇరువురికిని మాట రాదు.

ఎక్కడ తగ్గింపవలెనని యడుగుదురా? చాయనుండి మొదలుపెట్టుడు. పెద్దలిద్దరు దినమునకు మూడుమారులు, మారునకు రెండు చెంచాల చక్కెరతో త్రాగినచో నెలకు 1 కిలో 800 గ్రాముల చక్కెర యగును. ఒక చెంచా తగ్గించిన 900 గ్రాములు మిగులును. పైగా అన్నము తిన్న వెంటనే చాయ త్రాగినయెడల ఆహారములోని యినుము ఒంటికి పట్టుట తగ్గును. ఆ యలవాటు మానుటకు ఖర్చే లేదు.

తగ్గింపకూడనిది ఇల్లాలి పప్పు, ఇల్లాలి ఆకుకూర. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 సంవత్సరముల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారని తేలినది. కారణములు పెక్కు గలవు. తిండిలోని లోపము వానిలో ముఖ్యమైనది. అందరికిని వడ్డించి, గిన్నె నాకించి, నీళ్లు త్రాగి పరుండిన తల్లి మిగిల్చిన నాలుగు రూపాయలు రేపు మందుల దుకాణమునకే పోవును.

ఈ నెల మా విన్నప మిది. మీ పద్దు పుస్తకమున సరకు, తూకము, వెల యను మూడు గడుల ప్రక్కన నాల్గవ గడి యొకటి గీయుడు. ప్రతి రాత్రియు దీప మార్పుటకు ముందు, ఆనాడు మీరు పప్పును కూరయు కడుపునిండ తిన్నచో అందులో నొక చుక్క పెట్టుడు. తినకున్నచో సున్న చుట్టుడు. నెలాఖరున సొమ్ము మిగిలి, సున్నలు పదికి మించినచో ఆ నెల పద్దు తప్పినట్లే లెక్క. అప్పుడు మరునాడే పుస్తకము భర్త ముందును, అత్తగారి ముందును తెరచి ఆ గడిని చూపుడు. ఇంటి పద్దు ఇల్లాలి యొక్కతె భారము కాదు. నలుగురును కూర్చుండి చూచిన పద్దే నిలుచును.