పేరు లేని ఎడమ లేన్

రోడ్డు మీద గీతల భాష కష్టమైనదేమీ కాదు. తెగిన తెల్ల గీతను అవసరమైతే దాటవచ్చు, నిండు పసుపు గీతను దాటకూడదు. మెల్లగా వెళ్లేవారు ఎడమ లేన్‌లో ఉండాలి, కుడి లేన్ ముందున్న బండిని దాటడానికి. విశాఖపట్నంలోని మధురవాడ మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై మాత్రం లారీ కుడి లేన్ వదలదు, కారు ఎడమ నుంచి దూసుకుపోతుంది. జనానికి క్రమశిక్షణ లేదని తీర్పు చెప్పడం తేలిక. అసలు చిక్కు ఎడమ అంచున ఉంది.

మధురవాడ కార్‌షెడ్ కూడలి దగ్గర ఆ అంచున షేర్ ఆటోలు ఆగుతాయి, బస్సులు జనాన్ని దించుతాయి, దుకాణాల ముందు బైకులు నిలుస్తాయి. యూటర్న్ దూరమనుకున్నవారు రాంగ్ రూట్‌లో వచ్చేదీ అటే. గీతల లెక్కలో అది లేన్. వాడకంలో అది స్టాండు, పార్కింగు, ఎదురుదారి. ఇన్ని ఆటంకాల మధ్య బరువు బండి నడిపే డ్రైవరు డివైడర్ పక్కకు చేరతాడు. అతని వెనక చిక్కుకున్న కారు ఎడమకు తిరుగుతుంది. అక్కడే బస్సు కోసం నిలబడ్డవారు ఉంటారు.

మన రోడ్డు అంచుకు వేరే పేరు కావాలన్న సంగతి యంత్రాలకు రోడ్డును గుర్తించడం నేర్పేవారు ముందే గ్రహించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ రూపొందించిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు పరిసరాల్లో తీసిన 10,000 చిత్రాల్లో కనిపించేవాటిని 34 వర్గాలుగా గుర్తించారు. అంతకుముందు జర్మనీ వీధులను చూసి తయారుచేసిన వర్గాలు ఇక్కడ చాలలేదు. ఆటోకు వేరే వర్గం వచ్చింది. రోడ్డు కాకపోయినా బండి నడవగలిగే మట్టి అంచుకూ విడిగా ఒక పేరు పెట్టారు. మన రోడ్లకు గీతలు గీసేవారు ఆ అంచును ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

అయితే పేరు పెట్టి కంచె వేసినంతనే పని కాదు. విశాఖలోనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బస్సుల కోసం బీఆర్‌టీఎస్ లేన్లు విడదీశారు. బస్సులకని చెప్పిన లేన్ ఖాళీగా కనిపిస్తే మిగతా బండ్లు అందులో దూరకుండా ఉండవు. గుర్తు నిలవాలంటే దాని వెనక నిజమైన అవసరం, తగినంత వాడకం ఉండాలి.

మధురవాడ ఎడమ అంచుకు ఆ రెండూ ఉన్నాయి. పైగా ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు లేన్ల రోడ్డు వచ్చాక, దూరం వెళ్లే లారీలు ఊళ్లోకి రావలసిన పని లేదు. కొమ్మాది, ఎండాడ మధ్య రోడ్డు పేరుకు జాతీయ రహదారి, పనికి నగర వీధి. గీతలూ అందుకు తగ్గట్టు మారాలి. బస్సు ఆగే చోటు, ఆటోలు ఆగే చోటు కూడలికి కాస్త అవతల విడివిడిగా గీయాలి. ఆ రెంటి మధ్య ఎవరూ ఆగకూడదని నేల మీదే రాయాలి. రాంగ్ రూట్ ఎక్కువగా ఉన్న చోట సర్వీసు రోడ్డునో, దగ్గరి యూటర్న్‌నో చూపాలి. జాతీయ రహదారుల సంస్థ, నగరపాలక సంస్థ జీవీఎంసీ, ట్రాఫిక్ పోలీసులు ఒకే పటం ముందు కూర్చుంటేనే ఇది సాధ్యం.

డ్రైవింగ్ నిబంధనలు ఉల్లంఘిస్తే 500 నుంచి 1,000 రూపాయల జరిమానా వేసే వీలు 2019 చట్ట సవరణతో వచ్చింది. దాన్ని తప్పక వాడాలి, కానీ ఆటో ఎక్కడ ఆగాలో చూపించిన తర్వాతే.