రంగు మన ఇష్టం, ఊపిరి ఎవరిది?

ఇంటి మరమ్మతు మొదలైందంటే ఆడవాళ్ళకు హఠాత్తుగా ఒక గౌరవం దక్కుతుంది. "వంటిల్లు నీ ఇష్టం" అంటారు. ఇల్లు ఎవరి పేరున ఉండాలో, ఎంత అప్పు తేవాలో, రేపట్నుంచి ఎవరు వండాలో మాత్రం మనల్ని అడగరు. గట్టు మీద పరిచే రాయి రంగు ఒక్కటే మన ఇష్టం! ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వరంగల్ రోడ్డు మీది రాళ్ళ దుకాణాలు అమ్ముతున్నది ఈ "ఇష్టాన్నే". గట్టు రాయి అభిరుచికి సంబంధించిన విషయం కాదనీ, శ్రమకు సంబంధించినదనీ, స్త్రీల సంఘాలు దీన్ని పట్టించుకోవాలనీ నా వాదన.

మన ఇళ్ళలో మొదట ఉన్నది కడప నల్లబండ. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది, కానీ చవక. తర్వాత గ్రానైట్ వచ్చింది. కరీంనగర్ గోధుమరంగు రాయి, చీమకుర్తి నల్లరాయి విదేశాలకు వెళ్ళినట్టే మన వంటిళ్ళకూ వచ్చాయి. ఇప్పుడు అందరూ క్వార్ట్జ్ అంటున్నారు. ఇది క్వారీలో పలకగా దొరికే రాయి కాదు. రాతిపొడిని రెజిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో పోసిన పలక. మచ్చ పడదంటారు. నిజమే. కానీ పొయ్యి మీంచి దించిన గిన్నెను నేరుగా పెడితే ఆ రెజిన్ కమిలిపోతుంది.

అసలు సంగతి మచ్చ కాదు, దుమ్ము. గ్రానైట్‌లో సిలికా సుమారు నాలుగో వంతు నుంచి సగానికి కాస్త తక్కువ దాకా ఉంటుంది. క్వార్ట్జ్ పలకల్లో చాలా రకాలకు అది నూటికి తొంభై దాటుతుంది. స్టవ్ కోసం, సింకు కోసం కన్నాలు కోసేటప్పుడు నీళ్ళు పోయకుండా పొడిగా కోస్తే ఆ దుమ్మంతా కోసేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వచ్చేది సిలికోసిస్. దానికి మందు లేదు. క్షయ అనుకుని క్షయ మందులు మింగించడమూ మామూలే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఈ జబ్బును ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. కానీ ఇంటింటికీ తిరిగి రాయి కోసే మనిషికి ఏది ఫ్యాక్టరీ?

ఘట్‌కేసర్‌లో మా గట్టు మార్చే పని మీద ఒక దుకాణానికి వెళ్ళి, "కోసేటప్పుడు నీళ్ళు పోస్తారా?" అని అడిగాను. "అవన్నీ మీకెందుకమ్మా, రంగు చూడండి" అన్నాడు యజమాని. మనకు ఇచ్చిన ఇష్టం హద్దు ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది.

"ఒక్క గట్టుతో ఏమవుతుంది, తుడుచుకోవడం తేలికైతే ఆడవాళ్ళకే కదా సుఖం" అనే మిత్రులున్నారు. ఆ సుఖాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్ళు వెచ్చించింది 88 నిమిషాలు. ఈ తేడాను ఏ రాయి తగ్గిస్తుంది? పని పంచుకుంటే తగ్గుతుంది. మెరుపు పెంచితే తుడిచే పని పెరుగుతుంది. చాలా ఇళ్ళలో ఆ తుడిచేది కూడా జీతానికొచ్చే మరో స్త్రీయే. ఇక రాయి కోసే భర్త మంచాన పడితే సంపాదన, సేవ, పిల్లలు అన్నీ భార్య నెత్తినే పడతాయి. మన వంటింటి మెరుపుకి ఇంకొక ఆడమనిషి బతుకును వెలగా కట్టే హక్కు మనకు లేదు.

ఇది మార్చలేనిదేం కాదు. ఆస్ట్రేలియాలో కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. 2024 జూలై 1 నుంచి ఆ దేశం ఈ కృత్రిమ రాతి పలకలను నిషేధించింది. రాజస్థాన్ 2019లో ఒక విధానం తెచ్చింది. జబ్బు ధ్రువపడిన కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు, పింఛను అందులో ఉన్నాయి. సుప్రీంకోర్టులో 2006లో వేసిన సిలికోసిస్ వ్యాజ్యంలో తీర్పు 2024 ఆగస్టుకి గానీ రాలేదు. పరిహారం అందుతున్నదీ లేనిదీ చూసే బాధ్యతను కోర్టు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. అడిగేవాళ్ళు లేకపోతే తీర్పులు కాగితం మీదే ఉంటాయి.

అందుకే నేననేది ఇది. గట్టు కట్టే ముందు మేస్త్రీ లెక్క కాక, రోజూ నిలబడి వండే మనిషి మోచేతిని కొలవండి. గట్టు దానికి నాలుగంగుళాలు కిందుంటే నడుము బతుకుతుంది. కడప బండో గ్రానైటో చాలు, క్వార్ట్జ్ వద్దు. ఏ రాయైనా నీళ్ళు పోస్తూనే కోయాలని ముందే షరతు పెట్టండి, దానికయ్యే అదనపు కూలి ఇవ్వండి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు రక్షణ కాదు. మన సంఘాలు ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్‌లలో రాయి కోసేవాళ్ళను కలవాలి. వాళ్ళ పేర్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో ఎక్కాయో లేదో చూడాలి. ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించాలని, రాజస్థాన్ తరహా విధానం తేవాలని ప్రభుత్వాన్ని నిలదీయాలి. వంటిల్లు మన ఇష్టమని వాళ్ళే అన్నారు కదా. ఆ ఇష్టాన్ని రంగు దగ్గర ఆపకుండా ఇంటి పత్రాల దాకా, వంట వంతుల దాకా, రాయి కోసే మనిషి ఊపిరి దాకా తీసుకెళదాం.