ఎలుకల లెక్క కూడా చెప్పండి

భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ గారికి,

మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో మీ సంస్థ అధ్యయనమే తేల్చింది. ఈ జబ్బు మూలాలు వెతకడానికి జన్యువులు మార్చిన చిట్టెలుకలు వద్దని నేననను. బోస్టన్‌లోని జాస్లిన్ కేంద్రంలో రోనాల్డ్ కాన్ బృందం 1998లో కండరాల్లో మాత్రమే ఇన్సులిన్ గ్రాహకం (ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) లేని చిట్టెలుకలను తయారుచేసింది. వాటికి షుగర్ వస్తుందనుకుంటే రాలేదు. 2000లో కాలేయంలోని గ్రాహకాన్ని తీసేసి చూస్తే మాత్రం గ్లూకోజు అదుపు తప్పింది. ఏ అవయవం పాత్ర ఎంతో ఇలా విడదీసి చూడటం మనుషుల్లో కుదరదు.

అయితే చిట్టెలుక మనిషి కాదు. మనవాళ్లలో పెద్దగా లావు లేనివారికీ షుగర్ వస్తోంది. ఒక్క జన్యువు తీసేసిన ఎలుక ఆ చిక్కుముడినంతా విప్పలేదు. ఫలించే ప్రయోగాలతో పాటు ఫలించనివీ ఉంటాయి. అందుకే ప్రజాధనంతో చేసే ప్రతి జంతు ప్రయోగాన్నీ మొదలుకాకముందే బహిరంగంగా నమోదు చేయించండి. ఎన్ని జంతువులను వాడారు, ఎందుకు వాడారు, ఏం తేలింది అన్నవి విఫలమైన వాటితో సహా ప్రకటించండి. ఫలించని ప్రయోగం సంగతి బయటికి రాకపోతే, మరో ల్యాబ్ అదే పని మళ్లీ చేసి మరిన్ని ప్రాణాలు తీస్తుంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని మీ జంతు వనరుల కేంద్రం నుంచే దీన్ని మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక మధుమేహ రోగి