సముద్రం మీద దావా ఎవరు వేస్తారు?

కొఠియా పేరెత్తితే చాలు, అమరావతికీ భువనేశ్వర్‌కీ ఒకేసారి పౌరుషం పొడుచుకొస్తుంది. సాలూరుకీ పొట్టంగికీ నడుమ కొండల్లో, రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న 21 ఊళ్ళవి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో ఆ దావా హద్దు తేలకుండానే ముగిసి, యథాతథ స్థితి ఒక్కటే మిగిలింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ మూడు ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెడితే, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్ళీ ఢిల్లీ పరుగెత్తింది. ఒకరు రేషను కార్డిస్తే ఇంకొకరు రోడ్డేస్తారు. ఒకరు బోర్డు పాతితే రెండోవారు పీకేస్తారు. ఇంతకీ అక్కడ చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగూ కాదు, ఒడియా కాదు, కువి. ఆ సంగతి ఇద్దరి ఉపన్యాసాల్లోనూ రాదు.

నేను ఒడిశాలోని హుమ్మ వాణ్ణి. రంభ దాటాక, గంజాం రాకముందు తగిలే ఉప్పు కొటార్ల ఊరు మాది. ఇక్కడ నిలబడి చూస్తే ఆ పౌరుషం నాకు వీధి నాటకంలా కనిపిస్తుంది. ఎందుకంటే మా పక్కనే ఒక తెలుగు పల్లె మాయమైంది. ఏ ముఖ్యమంత్రీ మీసం తిప్పలేదు.

ఆ పల్లె పొడంపేట. రుషికుల్య సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ మీద ఉండేది. ఒడియావారు నోళియా అని పిలిచే మా తెలుగు మత్స్యకారుల ఊరు. 2007 ప్రాంతం నుంచి కడలి కోయడం మొదలెట్టింది. ముందు వలలు ఆరేసుకునే ఇసుక పోయింది, తరువాత ముందు వరస ఇళ్ళు పోయాయి, ఆ వెనక వరస, ఆ వెనక గుడి దారి. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను మిగిలిన గోడల పని పట్టింది. జనం లోపలికి తరలి కొత్త కాలనీలో చేరారు. పాత ఊళ్ళో సగం గది నిలబడి ఉంటే లోపలి గోడకి వేసిన రంగు బయటికి కనబడుతుంది. ఇసుక జారిపోయిన నూతికి వరలు పైకి తేలి ఉంటాయి, పక్కన నీళ్ళు తోడే మనిషి లేడు.

మరి ఈ ఆక్రమణ మీద కేసు ఏదీ? యథాతథ స్థితి ఉత్తర్వు ఏదీ? మా వాళ్ళ యాసలో అడగాలంటే, సముద్రానికి నోటీసెవులిస్తారు బావూ?

మేం ఒడిశా వైపు ఎలా పడ్డామంటే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పాత మద్రాసు గంజాం జిల్లాను కోసి ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసు వైపే ఉంచారు. బరంపురం, ఛత్రపురం, హుమ్మ ఇటు పడ్డాయి. ఆ గీత కోసం వేసిన ఓడొన్నెల్ కమిటీ భాషల లెక్కలు ముందేసుకుని హద్దు ఆలోచించింది. పర్లాకిమిడిని ఒకసారి బయట పెట్టి, అక్కడి రాజా కృష్ణచంద్ర గజపతి పట్టుదల తరువాత మళ్ళీ లోపల పెట్టారు. ఒడియావారి కోరిక అన్యాయమని నేననను. మద్రాసు పాలనలో వారి భాష అణిగిన మాట నిజం, 1903 నుంచి ఉత్కళ సమ్మిళని కొట్లాడింది అందుకే. కానీ గీతకి ఇవతల మిగిలినవాడు ఏం కావాలి? గిడుగు రామమూర్తి పంతులు మనసొప్పక పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. పంతులుగారు వెళ్ళగలిగారు. తెప్పా వలా ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? వాడికి రాష్ట్రం ముందు కాదు, ఒడ్డు ముందు.

ఆ ఒడ్డు మీద వాడి హక్కు ఎంతో చూడండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు రుషికుల్య ముందు 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. తాబేలు బతకాలి, అందులో నాకు తగువు లేదు. గుడ్ల గూళ్ళకి రాత్రంతా కాపలా కాసిన కుర్రాళ్ళు ఈ పల్లెల వాళ్ళే. తాబేలుకి ఏడు నెలలు కేటాయించగలిగిన రాజ్యానికి మత్స్యకారుడి పిల్లకి తెలుగు పంతులు దొరకడు! రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాటు చెయ్యమని. 1956లో రాసుకున్న మాట అది.

జార్జియా అనే చిన్న దేశంలో ఖుర్వలేతి ఊరి మధ్య నుంచి ఆ దేశం నుంచి విడిపోయిన దక్షిణ ఒసేతియా ముళ్ళకంచె వెళ్తుంది. ప్రపంచమంతా కెమెరాలతో అక్కడికి పోతుంది. మాకు కంచె లేదు, తుపాకీ లేదు, అందుకే మా ఊసు ఎవరికీ పట్టదు.

2021 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రులు జగన్, నవీన్ భువనేశ్వర్‌లో కూర్చున్నారు. కొఠియా గురించీ, నేరడి, జంఝావతి, పోలవరం నీటి ప్రాజెక్టుల గురించీ మాట్లాడుకున్నారు. బరంపురం విశ్వవిద్యాలయంలో తెలుగు పీఠం, శ్రీకాకుళంలో ఒడియా పీఠం అన్నారు. సరిహద్దు బడుల్లో భాషా పంతుళ్ళు, పుస్తకాలు, పరీక్షలు అని కూడా రాసుకున్నారు. పీఠం ఎం.ఏ. వాడికి. రెండో తరగతి పిల్లకి కావలసింది పలకా, పంతులూ. ప్రకటనలో తోకలా తగిలించిన ఆ చివరి ముక్కని ముందుకు లాగి, ఈ తగువులన్నిటి కోసం పెట్టిన ప్రధాన కార్యదర్శుల కమిటీ ఎజెండాలో మొదటి అంశంగా రాయండి: గంజాం తీరం పల్లెల పేర్లు, ఒక్కో బడికి ఒక పంతులు, జీతం ఏ ఖజానా ఇస్తుందో. రెండో అంశం పొడంపేట తరువాత ఏ ఊరి వంతో. ఆ రెండూ తేలేదాకా కొఠియా బోర్డులు పాతే పారలు పక్కన పడెయ్యండి.